రిపోర్టు నార్మలే, మరి ఈ మెడనొప్పి ఏంటి చెల్లీ?

రా, ఇలా కూర్చో. ముందు ఆ దిండు నడుం వెనక పెట్టుకుని టీ తాగు. రాత్రి సరిగ్గా నిద్రపోలేదని నీ మొహమే చెబుతోంది.

మనలో చాలామందికి జరిగేదే ఇది. సిగ్నల్ దగ్గర ఆగి ఉన్నాం. వెనకనుంచి ఎవరో వచ్చి కారుని గుద్దారు. బంపరు సొట్టపోయింది తప్ప ఒంటిమీద గీత కూడా పడలేదు. అమ్మయ్య అనుకుని ఇంటికొచ్చేశాం. తెల్లారి లేస్తే మెడ తిరగదు. భుజాల్లోకి లాగుతుంది, తల వెనక సలుపుతుంది. నాలుగు రోజుల్లో పోతుందిలే అనుకుంటే వారాలు గడిచిపోతాయి. ఎక్స్‌రే అయింది, ఎంఆర్ఐ అయింది. "అంతా నార్మల్‌గానే ఉందమ్మా" అన్నారు డాక్టరుగారు. ఇంటికొచ్చాక మొదలవుతుంది అసలు బాధ. "ఏమీ లేదన్నారుగా, ఇంకా ఏంటి?" అని ఇంట్లోవాళ్ళు అంటారు. వాళ్ళు కావాలని అనరు, పాపం. రిపోర్టు చూసి వాళ్ళ గుండె కుదుటపడింది, అంతే. కానీ మనకేమో, ఈ నొప్పి నిజంగా ఉందా, నేనే ఊహించుకుంటున్నానా అని లోపల పురుగు తొలవడం మొదలవుతుంది. అవునా, కాదా?

ముందుగా ఒకటి మనసులో పెట్టుకో. నీ నొప్పి నిజం, నీ రిపోర్టూ నిజం. రెండూ ఒకేసారి నిజం కావచ్చు. ఎలాగో చెబుతాను.

దానికంటే ముందు, పెద్దదానిగా ఒక విషయం గట్టిగా చెప్పనీ. చేతుల్లో తిమ్మిరి గానీ, పట్టు తప్పడం గానీ ఉందా? నడుస్తుంటే తూలుతోందా? వస్తువులు రెండుగా కనపడుతున్నాయా? మాట తడబడటం, మింగుడు పడకపోవడం, మూత్రం మీద అదుపు తప్పడం లాంటివి ఏమైనా ఉన్నాయా? ఉంటే ఈ కబుర్లు కట్టిపెట్టి ఇప్పుడే ఆసుపత్రికి పద. దెబ్బ తగిలినప్పుడు మెడ వెనక సరిగ్గా ఎముక మీదే నొప్పి ఉన్నా, మెడని అటూ ఇటూ సగం కూడా తిప్పలేకపోతున్నా, అరవై అయిదేళ్ళు దాటినవాళ్ళైనా ముందు డాక్టరే చూడాలి. ఇవేవీ లేవు, రిపోర్టు నార్మల్ అంటావా? అయితే నిదానంగా విను.

డాక్టర్లు ఈ దెబ్బని విప్‌లాష్ అంటారు. 1995లో కెనడాలోని క్యుబెక్‌లో నిపుణుల బృందం ఒకటి కూర్చుని దీన్ని అంచెలుగా విడదీసింది. నొప్పి, బిగుతు మాత్రమే ఉంటే ఒకటో అంచె. డాక్టరు నొక్కి చూస్తే నొప్పి తెలియడం, మెడ సరిగ్గా తిరగకపోవడం కూడా ఉంటే రెండో అంచె. నరాల మీద ప్రభావం కనిపిస్తే మూడోది. ఎముక విరిగినా, తప్పుకున్నా నాలుగోది. ఎక్కువమంది మొదటి రెండింటిలోనే ఉంటారు. అంటే "నార్మల్" అనే మాటకి అర్థం ఎముక విరగలేదు, నరం నలగలేదు అని. అది నిజంగా శుభవార్తే. దాన్ని "నీకేమీ కాలేదు" అని చదువుకోవడమే మనం చేసే పొరపాటు.

మరి ఏం జరిగింది? వెనకనుంచి గుద్దగానే సీటు మన వీపుని ముందుకి తోసేస్తుంది. తల మాత్రం ఉన్నచోటే ఉండిపోతుంది. ఆ ఒక్క క్షణం మెడ కింది భాగం వెనక్కి వంగుతుంది, పై భాగం ముందుకి వంగుతుంది. మెడ మొత్తం ఇంగ్లీషు ఎస్ అక్షరంలా మెలితిరుగుతుంది. అమెరికాలో యేల్ విశ్వవిద్యాలయంలో మనోహర్ పంజాబీ బృందం 1997లో దీన్ని ప్రయోగశాలలో చూపించింది. ఆ తర్వాతే తల వెనక్కి, మళ్ళీ ముందుకి ఊగుతుంది. మనం రెప్ప వేసి తెరిచేలోపు ఇదంతా అయిపోతుంది. మెడ కండరాలు తేరుకుని బిగుసుకునేసరికే జరగాల్సింది జరిగిపోతుంది.

ఇప్పుడు నీ అసలు ప్రశ్నకి వద్దాం. అంత జరిగితే ఎంఆర్ఐలో ఎందుకు కనపడదు?

మామూలుగా తీసే ఎంఆర్ఐ నువ్వు కదలకుండా పడుకున్నప్పుడు తీసే బొమ్మ. అందులో డాక్టరు వెతికేవి ఎముకలు, డిస్కులు, నరాలు. కండ ఉందా లేదా అన్నది తెలుస్తుంది గానీ, తల ఎత్తేటప్పుడు ఆ కండ పని చేస్తోందా, పక్కదాని మీద భారం వేసి ఊరుకుంటోందా అన్నది ఆ బొమ్మలో ఎలా తెలుస్తుంది? నీ నొప్పి కదలికలో ఉంది, బొమ్మేమో కదలకుండా తీసింది.

మెడలో కండరాలు పొరలు పొరలుగా ఉంటాయి. తల పక్కకి తిప్పితే మెడ మీద ఉబ్బెత్తుగా కనిపిస్తుందే, అది పై కండ. పెద్ద పెద్ద కదలికలు దాని పని. ఎముకలకి ఆనుకుని లోపల ఉండే చిన్న కండరాలు వేరు. మెడ వెన్నుపూసల్ని రోజంతా ఒద్దికగా నిలబెట్టేవి అవే. దెబ్బ తగిలి నొప్పి మొదలయ్యాక చాలామందిలో ఈ లోపలివి వెనక్కి తగ్గుతాయి, పైవి ఎక్కువ పని నెత్తినేసుకుంటాయి. ఉమ్మడి కుటుంబంలో మిగతావాళ్ళు మంచమెక్కితే వంటా వార్పూ అంతా ఒక్క కోడలి మీద పడ్డట్టన్నమాట. ఆ కోడలు సాయంత్రానికి ఎలా ఉంటుందో నీకు నేను చెప్పాలా?

ఈ సంగతి కనిపెట్టడం మాటలు కాదు. పై కండరాల పనితీరుని చర్మం మీద బిళ్ళలు అతికించి కొలవొచ్చు. లోపలివాటికి ఎలా? ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయంలో గ్వెన్ జల్, డెబొరా ఫాల్లా అనే ఇద్దరు ఆడవాళ్ళు, వాళ్ళ సహచరులు కలిసి ఒక ఉపాయం పట్టారు. సన్నని గొట్టాన్ని ముక్కులోంచి గొంతు వెనక గోడ దాకా పంపి, అక్కడ ఎలక్ట్రోడు అంటించి, దాని వెనకే ఉన్న లోపలి కండ సంకేతాలు రాబట్టారు. 2003లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. చదువుతుంటేనే ముక్కు చిరచిరలాడుతుంది కదూ? అందుకే సూదీ గొట్టం లేకుండా బయటినుంచే చూసే దారుల కోసం వెతుకులాట మొదలైంది.

వాటిలో నాకు బాగా నచ్చింది స్వీడన్‌లో లిన్‌షాపింగ్ విశ్వవిద్యాలయం వాళ్ళది. అనెలీ పియోల్సన్, గునెల్ పీటర్సన్ అనే ఫిజియోథెరపీ పరిశోధకులు అల్ట్రాసౌండ్ వాడారు. అవును, కడుపుతో ఉన్నప్పుడు పొట్ట మీద జెల్ రాసి చూస్తారే, అదే. మెడ మీద ప్రోబ్ పెట్టి, చెయ్యి పైకెత్తమని చెప్పి వీడియో తీస్తారు. తెర మీద కండలో కనిపించే చుక్కలు ఫ్రేము ఫ్రేముకీ ఎంత జరిగాయో కంప్యూటరు లెక్కకడుతుంది. దాన్నిబట్టి ఏ పొర ఎంత సాగింది, ఎంత కుంచించుకుంది, ఏది ఎప్పుడు పని అందుకుంది అన్నది తెలుస్తుంది. ఎత్తింది చెయ్యి, చూసింది మెడ! ఎందుకంటే చెయ్యెత్తేటప్పుడు మెడ నిలబడి సాయం పట్టాలి. దెబ్బ తర్వాత చాలాకాలంగా నొప్పి ఉన్నవాళ్ళలో మెడ ముందువైపు కండరాల మధ్య సమన్వయం, ఆరోగ్యంగా ఉన్నవాళ్ళలో ఉన్నట్టు లేదని వీళ్ళు గమనించారు. పై అరలోంచి పప్పు డబ్బా తీసినప్పుడల్లా మెడ పట్టేస్తోందని అంటావే, ఇప్పుడర్థమైందా?

బెల్జియంలో గెంట్ విశ్వవిద్యాలయంలో బార్బరా కాన్యీ వాళ్ళది ఇంకో పద్ధతి. కండ పని చేసినప్పుడు దానిలో నీటి తీరు మారుతుంది. వ్యాయామం చేయించిన వెంటనే ఎంఆర్ఐ తీస్తే పని చేసిన కండ ముందుకంటే కాస్త మెరుస్తూ కనపడుతుంది. ఎవరు పని చేశారో, ఎవరు చెయ్యలేదో బొమ్మలోనే దొరికిపోతారు. 2011లో అచ్చయిన పరిశోధనలో వాళ్ళు ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకి భుజం పై కండలో గాఢమైన ఉప్పునీరు ఎక్కించి, కాసేపు నొప్పి పుట్టించి చూశారు. నొప్పి పుట్టింది భుజంలో, పని పంచుకునే తీరు మారింది మెడ కండరాల్లో. దెబ్బే లేని మనిషిలో కూడా, ఒట్టి నొప్పి వల్లే! నొప్పి అనేది మన బుర్ర పుట్టించిన నాటకం అనేవాళ్ళకి ఇంతకంటే ఏం చెప్పాలి?

స్వీడన్‌లోనే ఉప్సాలాలో 2011లో పెట్ స్కాన్‌తో మరో పరిశోధన జరిగింది. చాలాకాలంగా విప్‌లాష్ నొప్పి ఉన్న 22 మందినీ, నొప్పి లేని 14 మందినీ పోల్చి చూశారు. నొప్పి ఉన్నవాళ్ళ మెడలో, ముఖ్యంగా రెండో వెన్నుపూస దగ్గర, స్కాన్ కోసం ఎక్కించిన, వాపు ప్రక్రియని సూచించే మందు ఎక్కువ చేరింది. చిన్న పరిశోధనే, దాంతోనే తీర్పు చెప్పలేం. కానీ మామూలు స్కాన్‌లో కనపడనిది ఉండొచ్చని మాత్రం తెలిసింది.

ఇక నువ్వు ఫోన్‌లో చదివి భయపడ్డావే, "కండల్లో కొవ్వు చేరుతుంది" అని, ఆ సంగతి. జేమ్స్ ఇలియట్ అనే పరిశోధకుడు, జల్ తదితరులు కలిసి 2006లో విప్‌లాష్ నొప్పి తగ్గని 79 మంది ఆడవాళ్ళనీ, ఆరోగ్యంగా ఉన్న 34 మందినీ ఎంఆర్ఐలో పోల్చారు. దెబ్బ తిన్నవాళ్ళ మెడ వెనక కండరాల్లో, మరీ ముఖ్యంగా లోతైనవాటిలో, కొవ్వు ఎక్కువ కనపడింది. 2011లో వచ్చిన ఇంకో పరిశోధనలో దెబ్బ తగిలినవాళ్ళని నాలుగో వారంలో, మూడో నెలలో, ఆరో నెలలో చూసుకుంటూ వెళ్ళారు. నొప్పి తీవ్రంగా మిగిలిపోయినవాళ్ళలో ఈ మార్పు నాలుగో వారానికీ మూడో నెలకీ మధ్య మొదలైంది. తేరుకున్నవాళ్ళలో అలా జరగలేదు.

గుండె దడదడలాడుతోందా? ఆగు, మిగతాది కూడా విను. ఇది ఒంటి లావుకి సంబంధించిన కొవ్వు కాదు, నెయ్యి తిన్నందుకు వచ్చింది కాదు. కొవ్వు వల్ల నొప్పి వచ్చిందా, నొప్పి వల్ల కండ కదలక కొవ్వు చేరిందా అన్నది తేలలేదు. జపాన్‌లో పదేళ్ళ పాటు వెంబడి చూసిన మరో ఎంఆర్ఐ పరిశోధనలో కండ పరిమాణానికీ నొప్పికీ సంబంధం కనపడలేదు. ఇంకో మంచి మాట, 2015లో పది వారాలు మెడ వ్యాయామాలు చేసిన కొద్దిమంది ఆడవాళ్ళలో ఆ కొవ్వు తగ్గింది, కండ పెరిగింది. వేళ్ళ మీద లెక్కపెట్టేంతమందే అనుకో. అయినా ఒకసారి మారితే ఇంక అంతే అని రాసిపెట్టి లేదన్న ధైర్యం చాలదా మనకి?

"అయితే అక్కా, నేనూ ఆ స్కాన్‌లన్నీ చేయించుకోనా?" అని అడగబోతున్నావు. వద్దు తల్లీ. అవి పరిశోధన కోసం చేసినవి. గుంపుల మధ్య తేడా చెబుతాయి గానీ, నీ ఒక్కదాని మెడ గురించి తీర్పు చెప్పే స్థాయికి ఇంకా రాలేదు. డాక్టరు అవసరమంటేనే రెండో ఎంఆర్ఐ. మిగిలిన డబ్బు మంచి ఫిజియోకి పెట్టుకుందాం.

ఫిజియో అంటే కరెంటు పెట్టి, వేడి పెట్టి పంపేసేవాళ్ళు కాదు. నిన్ను కూర్చోబెట్టి, తిప్పి చూసి, ఏ కదలికలో ఇబ్బందో పట్టుకుని, చెయ్యాల్సింది నేర్పి, ఇంట్లో చేసుకోమని పంపేవాళ్ళు. లిన్‌షాపింగ్ వాళ్ళే 216 మందితో చేసి 2015లో ప్రచురించిన పరిశోధనలో, మెడకే ప్రత్యేకించిన వ్యాయామాలు చేసినవాళ్ళు మామూలు శారీరక శ్రమ చెయ్యమన్నవాళ్ళకంటే రోజువారీ పనుల్లో బాగా తేరుకున్నారు. తర్వాత అల్ట్రాసౌండ్‌లో చూస్తే కండరాల సమన్వయమూ మెరుగుపడింది. అలాగని ఎవరైనా "ఇరవై సిట్టింగుల ప్యాకేజీ" అనగానే సంతకం పెట్టెయ్యకు. ఆస్ట్రేలియాలో 172 మందితో జరిగిన మరో పరిశోధన 2014లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. సగంమందికి ఇరవై సిట్టింగులు, మిగతా సగానికి ఒక్కసారి అరగంట కూర్చోబెట్టి సలహా, అవసరమైతే ఫోన్. నొప్పి దగ్గరికొచ్చేసరికి రెండు గుంపులకీ చెప్పుకోదగ్గ తేడా లేదు. కాబట్టి ఒకటి రెండుసార్లు వెళ్ళి సరిగ్గా నేర్చుకో, రోజూ ఇంట్లో చెయ్యి. రాలిపోయే డబ్బు కాదు, నిలిచే అలవాటు కావాలి మనకి.

ఒకటి నేర్పనా? వెల్లకిలా పడుకుని మోకాళ్ళు మడుచుకో. తల కింద తువ్వాలు మడిచి పెట్టుకో. ఇప్పుడు తల ఎత్తకుండా, గెడ్డం గొంతువైపు కొద్దిగా వచ్చేలా, ఎవరో అడిగినదానికి "ఊఁ" అన్నట్టు చిన్నగా ఆడించు. అంతే, ఇంకా ఎక్కువ వద్దు. రెండు వేళ్ళు మెడ పై కండ మీద పెట్టుకో. అది గట్టిపడితే నువ్వు ఎక్కువ చేస్తున్నావని గుర్తు. మెత్తగా ఉంటే లోపలివాళ్ళు పని చేస్తున్నారన్నమాట. పది అంకెలు లెక్కపెట్టేదాకా ఉంచి వదులు. మొదట్లో అయిదు అంకెలైనా చాలు. నొప్పి పెరుగుతుంటే ఆపి ఫిజియోని అడుగు. మధ్యమధ్యలో, పిల్లల టిఫిన్ డబ్బా సర్దుతూనో, టీవీ ముందో, మెడని మెల్లగా కుడికీ ఎడమకీ తిప్పుతూ ఉండు. వేన్నీళ్ళ కాపడం హాయిగా ఉంటే పెట్టుకో. అది హాయికి, వ్యాయామం బాగుకి.

చెయ్యకూడనివి కూడా చెబుతాను, మొహం మాడ్చుకోకు. డాక్టరు చెప్పకుండా మెడకి బెల్టు నెలల తరబడి వేసుకోకు. అలా కట్టేస్తే కండ ఇంకా బద్ధకిస్తుంది. మీ ఆయన అలవాటుగా మంగలి షాపులో మెడ టకటకా విరిపించుకుంటే మానమను, నువ్వైతే ఎవరి చేతికీ మెడ ఇవ్వకు. బామ్ రాసుకో, గానీ గట్టిగా నులమమని అమ్మని పిలవకు. పూర్తిగా మంచం పట్టడమూ వద్దు. ఈ దెబ్బలో బాగుపడటం ఎక్కువగా మొదటి రెండు మూడు నెలల్లోనే జరుగుతుంది. ఏడాది తర్వాత కూడా దాదాపు సగంమందికి ఎంతోకొంత ఇబ్బంది మిగులుతుంది. నీకు ఇంకా ఉందంటే నువ్వు చేతగానిదానివని కాదు, అలాంటివాళ్ళు బోలెడంతమంది ఉన్నారు. నొప్పి ఉన్నంతమాత్రాన కదిలితే ఏదో విరిగిపోతుందని కాదు. ఆ భయమే మనల్ని ఎక్కువ బిగదీస్తుంది.

అవును, మనసు మాట. మళ్ళీ కారెక్కాలంటే గుండె జారుతోందా? వెనకనుంచి హారన్ వినపడితే ఒళ్ళు ఝల్లుమంటోందా? నిద్రలో ఆ చప్పుడు మళ్ళీ వినిపిస్తోందా? అది పిచ్చి కాదు, పిరికితనమూ కాదు. ముందు కాలనీలో చిన్న రౌండు వెయ్యి, పక్కన నమ్మకమైనవాళ్ళని కూర్చోబెట్టుకుని. వారాలైనా తగ్గకపోతే కౌన్సిలర్ దగ్గరికి వెళ్దాం, తప్పేముంది? ఇంట్లోవాళ్ళతో మాత్రం పోట్లాడకు. "రిపోర్టు ఎముకల గురించి చెబుతుంది, నాది కండరాల బాధ, కొన్నాళ్ళు బరువులు ఎత్తను, రోజూ ఈ వ్యాయామానికి పావుగంట కావాలి" అని నిదానంగా చెప్పు. ఏం కావాలో మాటల్లో అడిగితే చాలాసార్లు మనవాళ్ళు ఇస్తారు. అడక్కుండా కుమిలిపోతేనే చిక్కు.

చివరగా కారు సంగతి. ఇలాంటి గుద్దుళ్ళలో విప్‌లాష్ ముప్పు ఆడవాళ్ళకే ఎక్కువని ఏళ్ళుగా తెలుసు. అయినా వెనకనుంచి గుద్దే పరీక్షల్లో వాడుతూ వచ్చిన బొమ్మ సగటు మగవాడి కొలతలది. సగటు ఆడమనిషి కొలతలతో, 162 సెంటీమీటర్లు, 62 కిలోలతో ఒక బొమ్మని స్వీడన్‌లో ఆస్ట్రిడ్ లిండర్ బృందం 2022లో లోకానికి చూపించింది. ఎంత ఆలస్యమో చూడు! కార్లు మారేదాకా మన జాగ్రత్త మనది. సీటు మీది హెడ్‌రెస్ట్ చాలామంది కొన్నరోజున ఉన్నచోటే వదిలేస్తారు. దాని పై అంచు నీ నడినెత్తి ఎత్తుకి రావాలి. తలకీ దానికీ మధ్య రెండంగుళాలకు మించి సందు ఉండకూడదు. ముడి వేసుకుని, దానికి క్లచ్చర్ పెట్టుకుని కూర్చుంటే తల ముందుకి వచ్చేస్తుంది, కాబట్టి కారెక్కేముందు జడ వదిలెయ్యి. పెళ్ళికి వెళ్తున్నా సరే, పూలు దిగాక సర్దుకోవచ్చు.

ఇదిగో, ఈ వారం నీ పని: ఫిజియోకి ఫోన్ చేసి అపాయింట్‌మెంట్ తీసుకోవడం, ఇంట్లో ఆ పావుగంట అడగడం, కారులో నీ సీటుదే కాదు, అత్తయ్యగారు కూర్చునే సీటు హెడ్‌రెస్ట్ కూడా సరిచెయ్యడం. ఆదివారం ఫోన్ చేస్తాను. "చేస్తాలే అక్కా" అంటే ఊరుకోను, చేశానని చెప్పాలి.